మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి వానప్రస్థము



మన సంఘ వార్షిక మహాసభా సంచికయందు మహనీయుఁడొక్కని జీవితమును స్మరించుట మంచి యాచారము. ఆ స్మరణ మెవరి ప్రయోజనముకొఱకని యోచించినపుడు, గతించినవారికి దానితోఁ బనిలేదనియు, ఉన్నవారికే పని యనియుఁ దోఁచును. కావున మనలోఁ బెక్కుమందిని బాధించుచు, పైకిఁ జెప్పుకొనుటకు సిగ్గుపడునట్టి యొక చిక్కును మనస్సునందుంచుకొని యీ చరిత్రమును వ్రాయఁబూనితిని. ఆ చిక్కు ఉద్యోగవిరమణము.

నేను ముప్పదియేండ్లకుఁ బైగా బడిపంతులనై సంస్కృతాంధ్రములు చెప్పి విరమించినవాఁడను. విరమణదినమున శాలువా కప్పిరి, పూలదండ వేసిరి, ప్రసంగములు చేసిరి. మఱునాఁడుదయము యథాప్రకారము స్నానము చేసి, బొట్టు పెట్టుకొని, సంచి చేతఁబట్టుకొని వాకిటికి వచ్చిన పిమ్మటఁగాని, పోవలసిన చోటు లేదని నాకు జ్ఞప్తికి రాలేదు. సంచిని మరలఁ గొక్కెమునకుఁ దగిలించుచుండఁగా నా యిల్లాలు చూచి, చూడనట్లుగా లోపలికిఁ బోయినది. ఇట్టి యుదయము మన సంఘీయులలో నెందఱి యిండ్లఁ దెల్లవాఱినదో వారికే తెలియును. గుమాస్తాపని చేసినవారు, రైల్వేలోఁ బనిచేసినవారు, పౌరోహిత్యమును గొడుకుల కొప్పగించినవారు, అందఱిదియు నొక్క బాధయే. నిన్నటివఱకు పని, నేఁడు శూన్యము.

మన పూర్వులు జీవితమును నాలుగాశ్రమములుగా విభజించినపుడు గార్హస్థ్యమునుండి సన్న్యాసమునకు నేరుగా దుముకుమని చెప్పలేదు. నడుమ వానప్రస్థమను మెట్టు నుంచిరి. తల నెరసి, మనుమని మొగము చూచినవాఁడు ఇంటి పెత్తనమును గొడుకున కొప్పగించి, భార్యతోఁ గూడియో, ఆమెను బిడ్డలకడ నుంచియో, యూరి కావల వసింపవలెననిరి. అట్లని యాతఁడు అగ్నిహోత్రమును విడువఁడు, అధ్యయనమును విడువఁడు, అతిథిని విడువఁడు. విడుచునది పెత్తనము, నిలుపుకొనునది నియమము. వనములు లేని యీ కాలమున నా మెట్టు మన కంటఁ బడక, కచేరీ కుర్చీనుండి నేరుగా నింటి యరుగుమీఁదికి దుముకుచున్నాము. కాలు బెణఁకుట వింత కాదు.

ఈ యాధునిక యుగమున నా నడిమి మెట్టు నెఱిఁగి నడచినవారు సర్ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు. వారు కాషాయము ధరింపలేదు, అడవికిఁ బోలేదు. తలపాగయు, కోటును, మడతచెడని దుస్తులును విడువలేదు. అయినను నలువదియేడవ యేటినుండి నూఱవ యేటి వఱకు, మొదట కొలువును, పిదప నధికారమును, పిదప వేతనమును, తుదకు సంచారమును వదలుకొనుచు వచ్చిరి. వారి యానకట్టలను గూర్చి లోకము చాలఁ జెప్పినది. వారి విరమణమును గూర్చి నేను జెప్పఁదలఁచితిని.

విశ్వేశ్వరయ్యగారు కన్నడదేశమునఁ బుట్టినను, ఇంటిపేరు తెలుఁగుదేశపు గ్రామమునకుఁ జెందినది. మోక్షగుండము కంభము ప్రాంతమునందలి యొక పల్లె. అచ్చటనుండి వారి పూర్వులు శతాబ్దములకు ముందే మైసూరు సీమకు వలసపోయిరి. ములకనాటి బ్రాహ్మణ కుటుంబము. ఇంట మాటలాడునది తెలుఁగు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15వ తేదీని జన్మించిరని ప్రసిద్ధి. పదునైదేండ్ల ప్రాయమునఁ దండ్రిని గోల్పోయిరి. బెంగుళూరున నొకరి యింటఁ బిల్లలకుఁ జదువు చెప్పుచు, ఆ యాధారమునఁ దాము చదువుకొని, 1881లో బి.ఏ. పట్టము పొందిరి. మైసూరు సంస్థానపు విద్యార్థివేతనముతోఁ బూనా నగరమునకుఁ బోయి ఇంజనీరింగు చదివి, 1883లోఁ బ్రథములుగా నుత్తీర్ణులైరి. ఆ మహాపురుషుని తొలి సంపాదనము బడిపంతులపని వలననే లభించెనని తలఁచుకొనుట నావంటివారికొక సంతోషము.

1884లో బొంబాయి ప్రభుత్వమున సహాయ ఇంజనీరుగాఁ జేరిరి. నాసికయందును, ఖాందేశమునందును, పూనాయందును, నాఁడు బొంబాయి యధికారము క్రిందనున్న సింధుదేశపు సుక్కూరు పట్టణమునందును మంచినీటి పనులును, కాలువపనులును జేసిరి. పూనా చెంత ఖడక్‌వాస్లా జలాశయమున 1903లో వారమర్చిన తలుపులు వారి ప్రతిభకుఁ బ్రసిద్ధ నిదర్శనములు. నీరు నిర్ణీతమైన మట్టమునకు వచ్చువఱకు నా తలుపులు మూసికొనియుండును. అంతకు మించి వఱద వచ్చినపుడు తమంతటఁ దామే తెఱచుకొనును. వఱద తీసినపిమ్మటఁ దమంతటఁ దామే మూసికొనును. మన మానుకోట సీమవారి కిది విడమఱచి చెప్పఁ బనిలేదు. కాకతీయుల నాఁటి పాకాల, రామప్ప, లక్నవరము చెఱువుల నడుమఁ బుట్టి పెరిగినవారము. నిండిన చెఱువునకు మత్తడి దూఁకుట క్షేమము. కట్ట తెగుట వినాశము. ఈ యుపమానమును జదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మనుష్యుని పనికిని మత్తడి యొకటి యవసరమని తరువాతి చరిత్రము చెప్పుచున్నది.

ఇరువదినాలుగేండ్ల కొలువులో విశ్వేశ్వరయ్యగారు శీఘ్రముగాఁ బైపదవుల నందుకొనిరి. కాని యా దినములలో బొంబాయి రాజధానిలో భారతీయునకుఁ జీఫ్ ఇంజనీరు పదవి దక్కుట దుర్లభము. మనలో ననేకులీ స్థితియందు రెండింట నొకటి చేయుదురు. పై కుర్చీవైపుఁ జూచి నిట్టూర్చుచు నేండ్లు గడపుదురు. లేదా యలిగి యొక్కసారిగాఁ దెగతెంపులు చేసికొందురు. వారు రెండును జేయలేదు. 1908లో, ఇంకను శక్తి నిండుగా నుండఁగనే, తమంతటఁ దామే విరమణము కోరుకొనిరి. పూర్తి పింఛనునకుఁ గావలసిన యిరువదియైదేండ్ల సేవ నిండలేదు. అయినను బ్రభుత్వము వారి సేవను గుర్తించి ప్రత్యేకముగా మంజూరు చేసినది. పింఛనును నమ్ముకొని పని మానలేదు; పని చేతనున్నది గనుక పింఛను విషయమున వెఱవలేదు. కొలువు ముగిసినవెంటనే పాశ్చాత్యదేశములకుఁ బోయి, యచ్చటి యానకట్టలను, మురుగునీటి పారుదలను, కర్మాగారములను జూడసాగిరి. అనఁగా విరమణానంతరము వారు చేసిన మొదటి పని విద్యార్థి యగుట.

వారు ఇటలీలో నుండఁగా హైదరాబాదు నిజాము ప్రభుత్వమునుండి తంతివార్త యందినది. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తినది. వేలకొలఁది జనులు మరణించిరి, వంతెనలు కొట్టుకొనిపోయినవి, నది కిరువంకల నిండ్లు నేలమట్టమైనవి. నాఁడు మన యోరుగల్లు సీమయు నా ప్రభుత్వము క్రిందిదే. ఆ కాలమునందలి యాఱవ నిజాము మహబూబ్ అలీఖాను నామము మన యూరి పేరునందు నేఁటికిని వినఁబడుచున్నది. అప్పటి యా వఱద భయమెట్టిదో మన జిల్లావారూహింపఁ గలరు. 2024 సెప్టెంబరు 1వ తేదీ వానలకుఁ గేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడుట మనము చూచితిమి గదా!

విశ్వేశ్వరయ్యగారు తమ యాత్రను ముగించుకొని 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి ప్రత్యేక సలహా ఇంజనీరుగా నియుక్తులైరి. వారు మొదట నగరమునుగాక నగరమునకెగువనున్న పరీవాహక ప్రదేశమును బరిశీలించిరి. అచ్చటి చిన్న చెఱువులలో రెండు వందలకుఁ బైగా నొకదాని వెంట నొకటి తెగి, యా నీరంతయు నొక్కుమ్మడి మూసీలోఁ బడినదని తేల్చిరి. మూసీమీఁదను, దాని యుపనది యైన ఈసీమీఁదను నగరమున కెగువ జలాశయములు నిర్మించి వఱద నాపవలెననియు, నదీతీరమును బాగుచేయవలెననియు, నగరమునకు మురుగుకాలువల వ్యవస్థ నేర్పఱుపవలెననియు సూచించిరి. కొలఁది మాసములలో నివేదిక సమర్పించి తమ దారిని దాము పోయిరి. తరువాత నితర ఇంజనీర్ల యాజమాన్యమున 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును బూర్తియైనవి. తఱచుగా జనులు గండిపేట చెఱువును విశ్వేశ్వరయ్యగారు కట్టిరందురు. కట్టినవారు వేఱు, కట్టవలసిన తెఱఁగు చెప్పినవారు వీరు. ఈ భేదమునందే వారి జీవితపు రెండవ భాగము యొక్క రహస్యమున్నది. కొలువులోనున్నవాఁడు తన చేతులతోఁ జేసి, తన పేరు శిలాఫలకముపైఁ జూచికొనఁగోరును. సలహా చెప్పువాఁడు చెప్పి, చేయుటను నితరులకు విడువవలెను. ఇది తెలియక, విరమించిన పిమ్మటఁగూడఁ బాత కచేరీకిఁ బోయి క్రొత్తవాని ప్రక్కన నిలిచి, అది కాదు, ఇది కాదని చేయిపెట్టువారిని మనము చూచుచునే యున్నాము.

1909 నవంబరులో మైసూరు ప్రభుత్వమువారు చీఫ్ ఇంజనీరు పదవికిఁ బిలిచిరి. వట్టి యుద్యోగమునకై వారు మరల నొక కొలువునఁ జేరఁగోరలేదు. సాంకేతిక విద్యకును, పరిశ్రమలకును సంస్థాన మవకాశమిచ్చునా యని తెలిసికొని, తరువాతనే యంగీకరించిరి. 1911లోఁ గావేరిపైఁ గృష్ణరాజసాగర నిర్మాణ మారంభమయ్యెను. 1912లో దివాను పదవి లభించెను. దివానుగిరియందు వారు చేసిన పనులు సుప్రసిద్ధములు: 1913లో మైసూరు బ్యాంకు, 1915లోఁ గన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వారి కాలమున నెలకొన్నవే. ఇవన్నియు నొక్కని యాయువుతో ముగియునవి కావు. స్థాపకుఁడు లేచిపోయినను గూర్చుండఁగల యాసనములనే వారు నిర్మించిరి.

దివానుగిరిని స్వీకరించుటకు ముందు వారు బంధువులను విందునకుఁ బిలిచి, తమ కుటుంబములోని వారెవ్వరును సిఫారసుకొఱకుఁ దమ యొద్దకు రామని మాటయిచ్చినఁగాని పదవి స్వీకరింపనని చెప్పిరనియు, తల్లిగారికడను నిట్టి మాటయే పుచ్చుకొనిరనియుఁ బ్రతీతి. కులసంఘపు సంచికలో నీ సంగతి వ్రాయుట కొందఱకు రుచింపకపోవచ్చును. మనవాఁడొకఁడు పైపదవికి వచ్చెనన్న వెంటనే వాని వాకిట వరుస కట్టుట మన కలవాటు. కాని యీ నియమమునకును విరమణమునకును దగ్గఱి సంబంధము కలదు. పదవిలోనుండఁగాఁ బరులకుఁ బంచిపెట్టిన యనుగ్రహములే ఘనతగా భావించినవాఁడు, పంచుటకేమియు లేని దినమున నేకాకి యగును. వాకిటి గుంపు పదవితో వచ్చినది, పదవితోనే పోవును. విశ్వేశ్వరయ్యగారి వాకిట నట్టి గుంపు మొదటినుండియు లేదు. కావున నది తఱిగినదని వారు విచారింపవలసిన యవసరము రాలేదు.

ఇఁక వారు దివానుగిరిని విడిచిన విధము చెప్పవలెను. నాఁడు మైసూరు సంస్థానపు పదవులలోఁ బెక్కు బ్రాహ్మణుల చేతనుండెను. ఇతర వర్ణములవారు తమకును దగిన పాలు కావలెనని కోరిరి. మహారాజులైన నాల్వడి కృష్ణరాజ ఒడెయరుగారు 1918లో మిల్లరుగారి యాధిపత్యమున నొక సంఘమును నియమించిరి. యోగ్యత యొక్కటియే ప్రమాణముగా నుండవలెనని విశ్వేశ్వరయ్యగారి మతము. ప్రభువునకును మంత్రికిని భేదము పొసఁగినది. ఈ విషయమున మన సంచికలోఁ దఱచు నొకవైపు మాత్రమే వ్రాయుట కద్దు. కాని చదువుకొను నవకాశము తరతరములుగాఁ గొందఱకే యుండఁగా, పరీక్షలోఁ దేలిన యోగ్యత యంతయు స్వార్జితమని చెప్పుట న్యాయము కాదు. పాలు కోరినవారి కోరిక ధర్మవిరుద్ధము కాదని పిమ్మటి చరిత్రము తేల్చినది. విశ్వేశ్వరయ్యగారి యభిప్రాయమున లోపమున్నను, వారి ప్రవర్తనమున నాకు లోపము గనఁబడదు. తాము నమ్మనిదానిని దమ చేతితో నమలుపఱుచుచుఁ గుర్చీని బట్టుకొని యుండలేదు. ప్రభువునకు విరోధముగా ముఠా కట్టలేదు. సెలవుపైఁ బోయి, పిదప విరమించిరి. ప్రభుత్వపు మోటారులో రాజమందిరమునకుఁ బోయి పదవిని సమర్పించి, తిరిగి వచ్చునపుడు సొంత మోటారులో వచ్చిరని నేఁటికిని జెప్పుకొందురు. అప్పటికి వారికి ఇంచుమించు ఏఁబదియేడేండ్లు.

అధికారము వదలినది, పని వదలలేదు. మరల దేశాంతరయాత్ర చేసి, జపాను, అమెరికా, ఐరోపా దేశముల స్థితిగతులను జూచి, 1920లో భారతదేశ పునర్నిర్మాణమును గూర్చి యొక గ్రంథము వ్రాసిరి. వెనుకటి విరమణమువలెనే యీ విరమణమును జదువుతో మొదలైనది. వానప్రస్థునకు స్వాధ్యాయము విధి యని మన స్మృతులు చెప్పుటకు నిదియొక నవీన వ్యాఖ్యానమని నేననుకొందును.

1923లో వారి కఱువదియేండ్లు దాఁటిన పిమ్మట మైసూరు ప్రభుత్వము మరలఁ బిలిచినది. ఈ సారి పిలుపు గౌరవార్థము కాదు. భద్రావతియందలి యినుప కర్మాగారము వారి దివానుగిరి నాఁటి సంకల్పము. అది పని మొదలుపెట్టునప్పటికి యుద్ధకాలపు ధరలు పడిపోయి, నష్టములలోఁ జిక్కుకొన్నది. నావలనఁ బుట్టినది గదా, ఇప్పుడితరులు చూచికొందురు గాక యని వారు తప్పించుకొనలేదు. పాలకమండలి యధ్యక్షులై 1929 వఱకుఁ బాటుపడిరి. ఖర్చులు తగ్గించిరి, స్వదేశీయులగు యువకులకుఁ దరిఫీదిచ్చి, విదేశీయుల పనులను వారి కప్పగించిరి. తమ ప్రతిఫలమును మాత్ర మప్పటి కడుగక, సంస్థ నిలదొక్కుకొన్న పిమ్మటఁ జూచికొందమని నిలుపుచేసిరి. తరువాత నందిన ధనమును స్వంతమునకు వాడుకొనక, వృత్తివిద్య నేర్పు సంస్థకై వినియోగింపఁజేసిరి. 1943లో బెంగుళూరున వెలసిన యా విద్యాలయమునకుఁ దమ పేరు పెట్టనీయక, మహారాజుగారగు జయచామరాజేంద్రుని పేరు పెట్టించిరి. మన సంఘ పోషకులగు ధనవంతు లీ యొక్క వాక్యమును రెండుమాఱులు చదువవలెనని ప్రార్థన. దాతయొక్క పేరు గోడపైఁ బెద్దదియగుకొలఁదిని, గదిలోని బల్లల సంఖ్య తగ్గుట నేను బెక్కుచోట్లఁ జూచితిని.

భద్రావతి తరువాత వారికి నిత్యము పోవలసిన కచేరీ లేదు. అయినను దేశమునందలి వివిధ ప్రభుత్వము లేర్పఱచిన సంఘములలో సభ్యులుగను, అధ్యక్షులుగను నుండిరి. 1925లో భారత ఆర్థిక విచారణ సంఘమున కాధిపత్యము వహించిరి. 1927 మొదలు 1955 వఱకు టాటా ఉక్కు సంస్థ నిర్వాహక మండలిలో నుండిరి. హైదరాబాదు నగరపు మురుగునీటి పనుల విషయమై మరల వచ్చి సలహా చెప్పిరి. ఒరిస్సాలో మహానది వఱదలను గూర్చియు నివేదికలు వ్రాసిరి. 1934లో భారతదేశమునకుఁ బ్రణాళికాబద్ధమైన యార్థిక వ్యవస్థ యావశ్యకమని గ్రంథము వెలువరించిరి. స్వతంత్ర భారతమునఁ బంచవర్ష ప్రణాళిక లారంభమగుటకు ఇంచుమించు పదునేడేండ్లకు ముందుమాట యిది. ఈ పనులన్నింటికి నొక పోలిక కలదు. పిలిచినప్పుడు పోవుట, చూచుట, వ్రాసియిచ్చుట, ఇంటికి వచ్చుట. పని గంటలు తగ్గినవి. పని గుణము తగ్గలేదు. వేళకు లేచుట, వేళకు నడక, మితాహారము, చెప్పిన నిమిషమునకు హాజరగుట, ఏ సమావేశమునకుఁ బోయినను ముందుగాఁ గాగితముపై వ్రాసికొని పోవుట, ఇవి మాత్రము కొలువులో నున్నట్లే కొనసాగినవి. కచేరీ గంట మ్రోగుట మానినను దమలోని గంటను వారు మ్రోగించుకొనుచునే యుండిరి.

1951లో, తొంబదియవ యేట, తమ స్మృతులను బ్రకటించిరి. ఆ గ్రంథమునకుఁ దమ జీవితమని కాక, తాము పనిచేసిన జీవితమని పేరుంచుట గమనింపఁదగినది. అందుఁ గుటుంబవిషయములు మిక్కిలి స్వల్పము. కాలువలు, తలుపులు, నివేదికలు పుష్కలము. మఱుసటి సంవత్సరము బీహారున గంగానదిపై వంతెన కట్టుటకుఁ దగిన స్థలమును నిర్ణయించు విషయమున నా వయస్సులోనే యచ్చటికిఁ బోయి చూచి సలహా చెప్పిరి. మొకామాకడ నా వంతెన 1959లోఁ బ్రారంభమైనది. 1955లో భారతరత్న బిరుదము వారిని జేరినది. క్రమముగాఁ బ్రయాణములు తగ్గినవి. పిదప నడక యింటి యావరణమునకు మాత్రమైనది. నూఱేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిలు మాసమున బెంగుళూరున దేహము చాలించిరి. వారి సమాధి స్వగ్రామమైన ముద్దేనహళ్ళియందే యున్నది. వారి జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటను ఇంజనీర్ల దినోత్సవము జరుపుకొనుచున్నారు.

ఇంతవఱకుఁ జదివి, ఇది మహాపురుషుల సంగతి, మాకిట్టి యారోగ్యమేది, మమ్ముఁ బిలుచు ప్రభుత్వములేవి యని యెవరైన ననవచ్చును. ఆ మాట నిజమే. నూఱేండ్ల యాయువు ప్రయత్నమునకు లొంగునది కాదు. నెలనెల చేతికందు పింఛను లేనివారు మనలోఁ గలరు. వారికి విరమణము వేదాంతవిషయము కాదు, బియ్యపు విషయము. మఱియొక సంగతి. విశ్వేశ్వరయ్యగారి యింటిపనిని నితరులు చూచికొనుచుండిరి గనుకనే వారికా తీఱిక. మన యిల్లాండ్రకు విరమణవయస్సే లేదు. భర్త కచేరీ మానిననాఁటినుండి వారికి రెండవపూఁట కాఫీయు, మూఁడవపూఁట చిఱాకును నదనముగా వచ్చినవి. కావున మగవాఁడు తన విరమణమును గూర్చి విచారించుటకు ముందు వంటయింటి గడపను దాఁటి లోపల నేమి జరుగుచున్నదో చూచుట మంచిది.

అయినను వారి చరిత్రమునుండి సామాన్యునకు నుపకరించునది కొంత కలదు. మొదటిది, విరమణము తారీఖు నాఁడు మొదలు కారాదు. రెండు మూఁడేండ్లకు ముందే చేతిక్రిందివారికి నేర్పుచు, తన పనిలో నొక్కొక్క పాలు వారికిచ్చుచు రావలెను. నేనది చేయలేదు. నా హాజరుపట్టీలు, నా ప్రశ్నపత్రములు, నా వార్షికోత్సవ పద్యములు కడపటి దినము వఱకును నావే. అందువలననే మఱునాఁడు నా చేతులు రెండును నొక్కసారి ఖాళీయైనవి. కట్ట తెగిన చెఱువునకును నాకును భేదము లేదు. రెండవది, పనిని విడువక మునుపు పెత్తనమును విడువవలెను. వేతనము, బిరుదము, సంతకము పోయినను, తెలిసినది చెప్పు శక్తి పోదు. మూఁడవది, విడిచిన చోటికి మరలఁ బిలువనిదే పోరాదు, పిలిచినచోఁ బోకుండరాదు.

ఈ రెండవ విషయము మన సంఘమునకును వర్తించును. సాహసించి చెప్పుచున్నాను, పెద్దలు క్షమింతురు గాక. కొలువునుండి విరమించిన మాబోఁటివారము సంఘపదవులను జేరి, యచ్చట విరమణవయస్సు లేదు గనుకఁ గదలకున్నాము. ముప్పదియేండ్ల యువకుఁడు సభలో కుర్చీలు వేయుటకును, భోజనమువేళ విస్తళ్ళు పఱచుటకును మాత్రమే పనికివచ్చునని తలఁచుచున్నాము. అట్టి యువకు లేటేట తగ్గిపోవుచున్నారని మరల మనమే విచారించుచున్నాము. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులను బడుచువారి కొప్పగించి, అఱువదియైదేండ్లు దాఁటినవారము సలహాసంఘముగా నేర్పడి, యడిగినప్పుడు చెప్పుదము. ఈ మహాసభయం దట్టి తీర్మానమొకటి వచ్చినచో మొదట చేయి యెత్తువారిలో నేనుందును. సంఘపు సాహిత్యశాఖ భారము నాయందున్నది. దానిని ముందుగా నేనే విడుచుచున్నానని యీ వ్యాసమూలమునఁ దెలియఁజేయుచున్నాను.

ఇప్పుడు నా కొక్కెముపైని సంచి వారమునకు మూఁడు దినములు మాత్రమే క్రిందికి దిగుచున్నది. సాయంకాల మొక గంట, మా వీధిలోని పిల్లలకుఁ దెలుఁగు చదువును, కోరినవారికి శబ్దమంజరియుఁ జెప్పుచున్నాను. వచ్చువారిలో నన్ని కులములవారును గలరు. వారిలోఁ జుఱుకైన బాలిక, తండ్రి యాటో నడపువాఁడు, రామశబ్దమును నా మొదటి శిష్యులకంటె శీఘ్రముగా నప్పగించినది. మిగిలిన నాలుగు దినములు సంచి కొక్కెముననే యుండును. మొదట నది చూచుటకుఁ గష్టముగా నుండెడిది. ఇప్పుడు మంగళవారమున దానిని దింపునపుడు దుమ్ము దులుపుకొనుచున్నాను, అంతే.

విశ్వేశ్వరయ్యగారి స్మృతి మన పెద్దలకు వదలుటను, మన పిన్నలకుఁ జేపట్టుటను నేర్పుఁగాక యని ప్రార్థించుచున్నాను.

స్వస్తి.